చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అబ్బాయి బీజడ్‌సీ ఫైనలియర్. టెక్స్11 అనే జన్యువు గురించి ఎక్కడో చదివి, మగవాళ్ల సంతానలేమి మీద పరిశోధన చేస్తానని కూర్చున్నాడు. ఇందులో బతుకుతెరువు ఉందా? చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో కూడా పాలుపోవడం లేదు. – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: చుట్టాల సంగతి ముందు తేల్చేద్దామమ్మా. "జెనెటిక్స్ చదువుతున్నాడు" అనండి, చాలు.

మీవాడు పట్టుకున్న విషయం గట్టిదే. వీర్యకణం తయారయ్యేటప్పుడు 46 క్రోమోజోములు 23కి తగ్గాలి. ఇంటర్లో చదివిన క్షయకరణ విభజన ఇదే. అప్పుడు జత క్రోమోజోములు పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. ఆ పనికి టెక్స్11 కావాలి. అది చెడితే కణాలు సగంలోనే ఆగి చచ్చిపోతాయి, వీర్యంలో కణాలే కనిపించవు. పైగా ఈ జన్యువు ఉండేది ఎక్స్ క్రోమోజోము మీద. మగవాడికి ఉన్నది ఒక్క ఎక్సే, అదీ తల్లి ఇచ్చిందే. ఆమెకి రెండోది ఉంటుంది గనక లోపం ఉన్నట్టే తెలియదు. సంతానలేమితో వచ్చిన కొందరు మగవారిలో ఈ లోపం ఉన్నట్టు 2015లో పరిశోధకులు ప్రకటించారు. పిల్లల్లేకపోతే కోడలి వైపే చూసే మన ఇళ్లకు ఈ సంగతి ఇంకా చేరలేదనుకోండి.

అయితే ఒక్క జన్యువు కోసం కోర్సు వెతకొద్దు. ఎమ్మెస్సీ జెనెటిక్సో, లైఫ్ సైన్సెసో చేయించండి. ఉస్మానియాలో జెనెటిక్స్ విభాగం ఉంది. ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీ సీట్లకు పెట్టే జామ్ పరీక్షలో బయోటెక్నాలజీ పేపరూ రాయమనండి. ఆపైన సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) కొడితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. మగవారి సంతానలేమి మీద హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనే ఏళ్లుగా పని జరుగుతోంది. కానీ పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. అది అయ్యాక కూడా ఉద్యోగం సిద్ధంగా ఉంటుందని నేను మాటివ్వలేను.

తొందరగా నాలుగు రాళ్లు ఇంటికి రావాలంటే ఐవీఎఫ్ ల్యాబులో ఎంబ్రియాలజిస్టు పని ఉంది, అంటే అండాన్నీ వీర్యకణాన్నీ శరీరం బయట కలిపి పిండాన్ని పెంచడం. మణిపాల్‌లో క్లినికల్ ఎంబ్రియాలజీ ఎమ్మెస్సీ ఉంది. కొన్ని వారాల సర్టిఫికెట్లకు మాత్రం లక్షలు పోయకండి. సంతాన సాఫల్య కేంద్రాల మీద 2021లో వచ్చిన చట్టం తర్వాత ఈ పనికి ఏ డిగ్రీ, ఎంత అనుభవం ఉండాలో నిబంధనల్లో రాసేశారు. ఇది చేతి నైపుణ్యంతో చేసే పని. కొత్త జన్యువులు కనిపెట్టే పని కాదని మీవాడికి ముందే చెప్పండి.

ఈ రెండిట్లో ఏదో తేల్చుకునే ముందు, ఈ వేసవిలో కాస్త స్టాటిస్టిక్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి. ఇవాళ జన్యు పరిశోధనలో సగం రోజు కంప్యూటర్ ముందే గడుస్తుంది. నెల తర్వాత కూడా విసుగు రాలేదంటే మళ్లీ రాయండి, దరఖాస్తుల గురించి మాట్లాడుకుందాం.