దాదా ఆస్తిలో మనవడికి వాటా లేదా?

ప్రశ్న: మా అబ్బా నా చిన్నప్పుడే చనిపోయారు. నేను ఒక్కడినే. దాదాకు ఇల్లు, బజారులో అద్దెకిచ్చిన కొట్టు ఉన్నాయి, కలిపి అరవై లక్షలు చేస్తాయి. దాదీ లేరు, చాచా (బాబాయి) ఒక్కరే ఉన్నారు. కొడుకు ఉండగా మనవడికి వారసత్వం రాదని మత గురువు హజ్రత్ అంటున్నారు. అనాథల సొమ్ము గురించి ఖురాన్‌లో అంత గట్టిగా చెప్పారు కదా! దీన్ని మళ్లీ ఆలోచించిన ముస్లిం దేశమే లేదా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: హజ్రత్ చెప్పింది నిజమే. దగ్గరి వారసుడు ఉంటే దూరపు వారసుడికి రాదన్నది పాత ఫిఖ్‌లో (ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో) స్థిరపడిన సూత్రం. కొడుకు ఉండగా కొడుకు బిడ్డలకు రాదని సహాబీ (ప్రవక్త సహచరుడు) జైద్ బిన్ సాబిత్ చెప్పినట్టు బుఖారీ హదీసు గ్రంథంలోనే ఉంది. మన దేశంలో చాలా చోట్ల ఇప్పటికీ ఇదే నడుస్తోంది.

మళ్లీ ఆలోచించినవాళ్లు మాత్రం ఉన్నారు. నాకు బాగా నచ్చింది ఈజిప్టు చేసిన పని. ఖురాన్ బఖరా సూరా (అధ్యాయం) 180వ ఆయత్ (వాక్యం) ఆస్తి వదిలి పోయేవాడు తల్లిదండ్రులకు, దగ్గరి బంధువులకు వసియత్ (వీలునామా) చేయాలంటుంది. నిసా సూరాలో వారసుల వాటాలు వచ్చాక ఆ ఆదేశం రద్దయిందని ఎక్కువమంది ఉలమా (మత పండితులు) చెబుతూ వచ్చారు. పదకొండో శతాబ్దంలో స్పెయిన్‌లో ఉన్న పండితుడు ఇబ్న్ హజ్మ్ ఒప్పుకోలేదు. వాటా దక్కని బంధువుల విషయంలో అది ఇంకా ఫర్జే (తప్పనిసరి విధే) అన్నాడు. తొమ్మిది వందల ఏళ్ల పాటు పెద్దగా ఎవరూ పట్టించుకోని ఆ మాటను ఈజిప్టు 1946లో 71వ నంబరు చట్టంలోకి తెచ్చుకుంది. తాత వసియత్ రాయకపోయినా రాసినట్టే లెక్క. తండ్రికి రావలసినంత మనవడికి వస్తుంది, కాకపోతే మొత్తం ఆస్తిలో మూడోవంతు దాటకూడదు. ఖురాన్ చెప్పిన వాటాల జోలికి పోలేదు కాబట్టి గొడవ తక్కువ. తెలివైన పని!

పాకిస్తాన్ తిన్నగా వెళ్లింది. అయూబ్ ఖాన్ హయాంలో 1961లో తెచ్చిన ఆర్డినెన్స్ నాలుగో సెక్షన్ చనిపోయిన కొడుకు వాటాను అలాగే అతని పిల్లలకు ఇచ్చేసింది. ఉలమా అప్పటి నుంచీ వ్యతిరేకిస్తూనే ఉన్నారు. 2000లో ఫెడరల్ షరియత్ కోర్టు అది షరియత్‌కు విరుద్ధమంది, దాని మీద అప్పీలు పడింది.

మీ లెక్కే చూడండి. పాకిస్తాన్ పద్ధతిలో మీకు ముప్ఫై లక్షలు, ఈజిప్టు పద్ధతిలో ఇరవై. ఇక్కడ సున్నా.

అయితే దాదా బతికే ఉన్నారు కదా, టెన్షన్ పడకండి. మీరు వారసుడు కాదు కాబట్టే మీకు మూడోవంతు దాకా వసియత్ రాయవచ్చు, చాచా ఒప్పుకోలు అక్కర్లేదు. ఇద్దరు సాక్షులతో రాయించి రిజిస్టర్ చేయిస్తే మంచిది. అంతకంటే ఎక్కువ ఇవ్వాలనుకుంటే హిబా (బతికుండగానే ఇచ్చే దానం) ఉంది, దానికి పరిమితి లేదు. కానీ ఇస్తున్నానని ఆయన చెప్పాలి, మీరు పుచ్చుకోవాలి, స్వాధీనం మీ చేతికి రావాలి. కోర్టుల్లో హిబాలు ఎక్కువగా ఈ మూడోదాని దగ్గరే వీగిపోతాయి. ఆ కొట్టు మీకే ఇస్తే, అద్దె ఇకనుంచి మీకే కట్టమని కొట్టువాడికి దాదా చేత రాతపూర్వకంగా చెప్పించండి. రసీదులు మీ పేరునే రాయండి. ఇదంతా చాచా ముందే జరిగితే ఇంకా మంచిది.