వారానికి రెండు రోజుల కోచింగ్ సరిపోతుందా? నేను వాచీ పెట్టి చూశాను

సరిపోదండీ. మీ బాబుకి ఎనిమిదేళ్లు, స్కూలూ హోంవర్కూ పోగా ఆటకి టైం దొరకడం లేదు, వారానికి రెండు రోజులు ఏదో ఒక స్పోర్ట్స్ కోచింగ్‌లో వేస్తే చాలదా అని అడిగారు. రెండేళ్ల కింద అచ్చం ఇదే లెక్క వేసుకుని మా వాణ్ని ఫుట్‌బాల్ కోచింగ్‌లో చేర్పించాను. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

చేర్పించాక ప్రాణం ఎంత నిశ్చింతగా ఉండేదో. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం గంట సేపు క్లాసు. జెర్సీ, బూట్లు, పేరు రాసిన వాటర్ బాటిల్, అన్నీ ఉన్నాయి. మిగతా అయిదు రోజులూ వాడు సోఫాకి అతుక్కుపోయినా ‘క్లాసుకి వెళ్తున్నాడుగా’ అని సరిపెట్టుకునేవాణ్ని. ఒక శుక్రవారం మాత్రం దింపి వెళ్లిపోకుండా అక్కడే గోడ మీద కూర్చున్నాను. ఫోన్లో చార్జింగ్ లేదు. తోచక, వాడు నిజంగా ఒళ్లు కదిలించిన నిమిషాలు వాచీలో చూస్తూ లెక్కపెట్టాను.

అటెండెన్స్‌కే ఏడు నిమిషాలు. తర్వాత గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు. అది అసలైన పరుగే, కాదనను. ఆ పైన మొదలైంది క్యూ. ఇరవై రెండు మంది పిల్లలకి కోన్ల వరస ఒక్కటే. ఒక్కొక్కరూ కోన్ల మధ్య నుంచి బంతిని తన్నుకుంటూ వెళ్లి, తిరిగొచ్చి మళ్లీ చివర నిలబడాలి. మా వాడి వంతు తొమ్మిది పది నిమిషాలకోసారి వచ్చేది. ఈలోపు ముందువాడి జెర్సీ మీద నంబరు పెచ్చును గోటితో గీకుతూ నిలబడ్డాడు. మధ్యలో ఎవడో బంతిని చేత్తో పట్టుకున్నాడని క్రమశిక్షణ మీద ఓ చిన్న ఉపన్యాసం. గంట మొత్తానికి మా వాడు కదిలింది పదమూడు నిమిషాలు. కోచ్‌ని అనడానికి లేదు, ఒక్కడే అంతమందిని చూసుకోవాలంటే క్యూ కట్టించక ఏం చేస్తాడు?

అసలు సంగతి విజిల్ వేశాక జరిగింది. మేం పెద్దవాళ్లం బ్యాగులూ బాటిళ్లూ వెతుక్కుంటుంటే ఎవడో మా వాడి టోపీ లాక్కుని పరుగు లంకించుకున్నాడు. వాడి వెనక వీడు, వీడి వెనక ఇంకో ఆరుగురు. ఇందాకా క్యూలో నిద్రమొహాలు వేసుకుని నిలబడ్డ పిల్లలే! గోల్‌పోస్టు చుట్టూ తిరిగి, ఆపి ఉంచిన బైకుల మధ్య దూరి, పడి, లేచి, మళ్లీ పరుగు. టోపీ ఎన్ని చేతులు మారిందో. పావుగంటకి అందరి మొహాలూ కందగడ్డలయ్యాయి. నా పక్కనున్న ఒకావిడ “ఒరేయ్, క్లాసు అయిపోయిందిగా, ఇంకా ఆ పరుగులేంట్రా? చెమట పడుతోంది!” అని కేకేసింది. నవ్వొచ్చింది గానీ, అంతకు నిమిషం ముందు నేనూ సరిగ్గా అదే అనబోయాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకి 60 నిమిషాలైనా ఒళ్లు వంచాలి, అదీ ఊపిరి వేగం పెరిగేలా. అంటే వారానికి 420 నిమిషాలు. మా వాడి క్లాసు లెక్క 26. ఇది మా ఒక్క ఇంటి గోలే కాదు. 146 దేశాల లెక్కలు తీసి అదే సంస్థ నిపుణులు 2019లో చెప్పింది ఏమిటంటే, 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి ఆ గంట దక్కడం లేదు. అమ్మాయిల్లో 85 శాతం. ‘పెద్దదానివయ్యావు, ఇంకా ఆ గెంతులేంటి’ అనే నోళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నట్టున్నాయి.

స్కూళ్ల సంగతి ఎత్తితే నాకు బీపీ వస్తుంది. పరీక్షలనగానే ముందు ఎగిరిపోయేది పీటీ పీరియడే. లెక్కల పీరియడ్‌ని ఆటల టీచర్ అరువు తీసుకున్న రోజు ఒక్కటైనా ఎవరైనా చూశారా? పైగా అల్లరి చేసినవాడికి శిక్ష, ఆట బంద్. ఎవడికి పరుగు అందరికన్నా ఎక్కువ అవసరమో వాణ్నే కూర్చోబెడతారు.

ఒక రోజు బాగా ఆడించి మిగతా వారం సరిపెడదామంటే ఒళ్లు ఒప్పుకోదు. పాదం నేలకి కొట్టుకుంటూ ఉంటేనే ఎముకకి బలం. చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడేవాళ్లకి రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి కన్నా దళసరిగా ఉంటుంది. కళ్లదీ అంతే. రోజూ ఆరుబయట గడిపే పిల్లలకి దూరపు చూపు మసకబారే సమస్య వచ్చే అవకాశం తగ్గుతుంది. మబ్బు పట్టిన రోజు కూడా బయటి వెలుతురు ఇంట్లో ట్యూబ్‌లైటుకి ఎన్నో రెట్లు ఎక్కువ.

టైం లేదన్నారు కదా. మేం చేసిందల్లా హోంవర్క్‌ని వెనక్కి జరపడం. స్కూలు నుంచి రాగానే బ్యాగు పడేసి గంట బయటికి, ఆ తర్వాతే పుస్తకం. ఇదివరకు గంటన్నర పాటు కేకలతో సాగిన హోంవర్క్ ఇప్పుడు నలభై నిమిషాల్లో తెములుతోంది. పిల్లలు కుదురుగా కూర్చోరనే ఫిర్యాదుల్లో సగానికి మందు ఇదేనని నా గట్టి నమ్మకం. రుజువేదంటే మా ఇల్లే.

ఇంతా చెప్పి కోచింగ్ మాన్పించానా అంటే, లేదు. మానేస్తావా అని అడిగితే వద్దన్నాడు. ఫుట్‌బాల్ అంత ఇష్టమా అన్నాను. “అది కాదు నాన్నా, అయిపోయాక టోపీ ఆట ఉంటుందిగా” అన్నాడు. ఇప్పుడు ఆ రెండు రోజులూ అరగంట ఆలస్యంగా వెళ్లి తీసుకొస్తున్నాను.