మొదటి మాట మింగుతున్న పెట్టె

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రికార్డింగు నాలుగుసార్లు విన్నాను. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధరలు చదవాల్సిన పెట్టె, స్విచ్చు వేయగానే టప్పుమంటోంది. ఆపైన ‘రైతు సోదరులకు’ అనాల్సింది ‘సోదరులకు’ అంటోంది. ఎవరి కోసం చేశావో వాళ్ల పేరే మింగేస్తోంది. దీన్ని చిన్న లోపమని వదిలేయకు తల్లీ.

చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఐ టూ సీ తీగల మీద కోడెక్, అంటే అంకెలను శబ్దంగా మార్చే చిప్పు, బదులిచ్చింది కాబట్టి అది సిద్ధమైందనుకున్నావు. బదులిచ్చేది డిజిటల్ భాగం, అది చటుక్కున లేస్తుంది. శబ్దం పంపే అనలాగ్ భాగానికి ముందు సరఫరాలో సగం వోల్టేజీ కుదురుకోవాలి. నీ బోర్డులో 3.3 వోల్టులు కదా, ఆ సగం వోల్టేజీ నిలిచే వీమిడ్ పిన్ను మీద 1.65 రావాలి. చిప్పు లోపలి రెండు 50 కిలో ఓముల రెసిస్టర్లు కలిసి నీ 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌కు 25 కిలో ఓములుగా కనిపిస్తాయి. రెండింటినీ గుణిస్తే 250 మిల్లీసెకన్లు. అలాంటివి ఐదు గడిస్తేనే వోల్టేజీ 99 శాతం దాటుతుంది, అంటే 1.25 సెకన్లు. నువ్వు ఆగుతున్నది 100 మిల్లీసెకన్లు. అప్పటికి ఆ పిన్ను మీద ఉండేది అర వోల్టు పైచిలుకు మాత్రమే. ‘రైతు’ పోయింది అక్కడే.

టప్పుమనడానికీ మూలం అదే. వోల్టేజీ పైకెక్కుతున్నప్పుడే ఆంప్లిఫయర్ మెలకువగా ఉంటే, ఆ ఎక్కడమంతా స్పీకర్‌లోకి పోతుంది. కోడెక్ కుదురుకునే దాకా ఆంప్లిఫయర్‌ను షట్‌డౌన్ పిన్నుతో పడుకోబెట్టు, చివరగా లేపు. ఆపేటప్పుడు ముందు దాన్నే పడుకోబెట్టు. చిప్పులో త్వరగా చార్జి చేసే ఏర్పాటు ఉందేమో డేటాషీట్‌లో చూడు. 5 కిలో ఓముల జత ఉంటే 125 మిల్లీసెకన్లు చాలు.

రీసెట్, క్లాకు సంగతి నువ్వు సరిగానే చేశావు. సరఫరాలు నిలిచాకే రీసెట్ వదులుతున్నావు, 12.288 మెగాహెర్ట్జ్ క్లాకు అప్పటికే నడుస్తోంది. వాటిని కదపకు.

ఆలస్యాన్ని మాత్రం ఊహించి రాయకు. నేనొకసారి లెక్కకు సరిపోయినంతే రాసి ఊరుకున్నాను. తర్వాతి విడత బోర్డుల్లో 10కి బదులు 22 మైక్రోఫారడ్లు పడ్డాయి. ఒక్కొక్కటీ టప్పుమంటుంటే అన్నిటినీ విప్పి మళ్లీ ప్రోగ్రాం ఎక్కించాను. వీమిడ్ మీద స్కోపు, అదే వోల్టేజీని గీతగా చూపే ఆసిలోస్కోపు, పెట్టు, ప్రోబును పది రెట్ల దగ్గర ఉంచు. గీత వంగి సమంగా పరుచుకునే చోటు నీ కంటికే తెలుస్తుంది. ఆ కాలానికి కొంత కలుపుకుని రాయి.

ఇంకొకటి. మార్కెట్లో కరెంటు రెప్పపాటు పోయి వస్తుంది. అప్పుడు కెపాసిటర్ పూర్తిగా ఖాళీ కాదు, చిప్పు రీసెట్టూ కాకపోవచ్చు. అర సెకను, రెండు సెకన్లు, పది సెకన్లు ఆపి, ఒక్కోదాన్ని ఇరవైసార్లు వేసి చూడు. ఆదివారం బోర్డు తీసుకురా, స్కోపు బల్ల మీద పెట్టి ఉంచుతాను.

మీ మామయ్య