మొబైల్ పవర్ ఆంప్లిఫయర్ల డిజైన్: అమ్మాయిని ఆ దారిలో పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం. మొబైల్ ట్రాన్స్‌మిటర్లలో వాడే పవర్ ఆంప్లిఫయర్లు డిజైన్ చేస్తానంటోంది. ఇంట్లో అందరూ సాఫ్ట్‌వేర్ అంటున్నారు. ఇందులో ఉద్యోగాలు ఉంటాయా? – ఒక తండ్రి, నల్గొండ

జవాబు: ఉంటాయండీ. కాకపోతే బీటెక్ అవగానే చేతికి ఆఫర్ వచ్చే దారి కాదిది. ఎంటెక్ తప్పదనుకోండి.

ముందు ఆ పనేమిటో మీకూ కొంత తెలిస్తే మంచిది. సిగ్నల్‌ను యాంటెన్నాకు పంపేముందు బలపరిచేదే పవర్ ఆంప్లిఫయర్. 4జీ ఫోన్ మామూలుగా గాల్లోకి పంపే గరిష్ఠ శక్తి 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. ఆంప్లిఫయర్ సామర్థ్యం, అంటే తీసుకున్న శక్తిలో సిగ్నల్‌గా బయటికొచ్చే వంతు, 40 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి 500 మిల్లీవాట్లు లాగుతుంది. మిగతా 300 వేడిగా పోతుంది. టవర్ దూరంగా ఉన్న ఊళ్లో ఫోన్ వేడెక్కి, ఛార్జింగ్ తొందరగా దిగిపోవడానికి ఇదీ ఒక కారణం.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. 4జీ, 5జీ సిగ్నల్ క్షణక్షణం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పై కొసలు తెగిపోకూడదంటే ఆంప్లిఫయర్‌ను దాని పూర్తి సత్తా కంటే బాగా తక్కువలో నడపాలి. అక్కడే సామర్థ్యం పడిపోతుంది. పాఠ్యపుస్తకాల్లోని క్లాస్ బీ సర్క్యూట్‌కు గరిష్ఠం 78.5 శాతం. అవుట్‌పుట్ పవర్‌ను నాలుగో వంతుకు తగ్గిస్తే అది 39కి దిగుతుంది. 1936లో బెల్ ల్యాబ్స్‌లో విలియం డోహర్టీ రెండు ఆంప్లిఫయర్లను జతచేసి దీనికి ఉపాయం కనిపెట్టాడు. అప్పుడది రేడియో స్టేషన్ల కోసం. ఇప్పుడు సెల్ టవర్లలో నడుస్తున్నది ఎక్కువగా ఆ పద్ధతే. చాలా ఫోన్లలోనేమో సిగ్నల్ స్థాయిని బట్టి సరఫరా వోల్టేజీని మారుస్తూపోతారు, దాన్ని ఎన్వలప్ ట్రాకింగ్ అంటారు. ఈ రెండింటికీ తేడా ఏమిటో మీ అమ్మాయిని అడగండి. కళ్లు మెరుస్తూ చెబితే ఆపకండి.

ఫోన్లే కావాలని పట్టుబడితే మాత్రం మన దగ్గర అవకాశాలు తక్కువ. ఆ చిప్పులు చేసే స్కైవర్క్స్, కోర్వో అమెరికా కంపెనీలు. రాడార్, ఉపగ్రహం, టవర్ పరికరాలూ కలుపుకుంటే హైదరాబాద్‌లోనే డీఆర్‌డీవో వారి పరిశోధనశాల డీఎల్‌ఆర్‌ఎల్, ఆస్ట్రా మైక్రోవేవ్ కంపెనీ ఉన్నాయి. గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకంతో చిప్పులు తయారుచేసే గేటెక్ కూడా ఇక్కడిదే. నేనైతే ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) అనే పెద్ద గొడుగు కిందే ఆలోచించమంటాను.

గేట్ రాసి, ఆర్‌ఎఫ్ లేదా మైక్రోవేవ్ స్పెషలైజేషన్ ఉన్న ఎంటెక్ చూసుకోవాలి. ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ ఖరగ్‌పూర్‌లలో ఈ రంగానికి మంచి పేరుంది. వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) అని పేరున్న కోర్సుల్లో చాలావరకు డిజిటల్ పాఠాలే ఉంటాయి, సిలబస్ చదవకుండా చేరొద్దు. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలు వస్తే మాత్రం వద్దనకుండా వెళ్లమనండి. గేట్ ర్యాంకు రాకపోతే చేతిలో ఒకటి ఉంటుంది, ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది.

ఈలోగా ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో మైక్రోవేవ్ పాఠాలు ఉచితమే. కొన్ని వేల రూపాయలకు ఆర్‌ఎఫ్ సర్క్యూట్లను పరీక్షించే నానోవీఎన్‌ఏ అనే చిన్న పరికరం దొరుకుతుంది. ఒకే ట్రాన్సిస్టర్‌తో ఆంప్లిఫయర్ కట్టి, దానికి వెళ్లే కరెంటు, బయటికొచ్చే పవర్ కొలిచి, లెక్కకూ కొలతకూ తేడా ఎందుకొచ్చిందో రాసిపెట్టుకోమనండి. ఇంటర్వ్యూలో ఆ కాగితం సర్టిఫికెట్ల కంటే బాగా పనికొస్తుంది. యాంటెన్నా తగిలించి గాల్లోకి మాత్రం వదలకూడదు, దానికి లైసెన్సు కావాలి. యాంటెన్నా బదులు, పవర్‌ను వేడిగా మింగేసే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ పెట్టుకుంటే సరిపోతుంది.