సీఎన్‌సీ రౌటర్‌లో (కంప్యూటర్ నడిపే చెక్క కోత మిషన్) కోసిన ప్లై ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరట్లేదు, అంచులు నల్లగా మాడుతున్నాయి, ఎందుకు?

తమ్ముడూ, నేను అనంతపురంలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీ మేకర్‌స్పేస్‌లో (పిల్లలు వస్తువులు తయారుచేసుకునే వర్క్‌షాప్) రౌటర్, లేజర్ కట్టర్ చూసుకుంటా. ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఇదే పట్టుకొస్తారు, వచ్చి రాత్రంతా క్యాడ్ ఫైలు (కంప్యూటర్‌లో గీసిన డిజైన్) మీద పడి కొలతలు మారుస్తా కూర్చుంటారు. ఫైలు బాగానే ఉంటాది.

నువ్వు వాడేది 6 ఎంఎం బిట్టు (గిర్రున తిరుగుతా కోసే పుల్ల) అన్నావు. బిట్టు గుండ్రం కదా, స్లాట్ (గాడి) లోపలి మూల ఎంత చేసినా 3 ఎంఎం రేడియస్‌తోనే వస్తాది, నీ ట్యాబ్ (ఆ గాడిలో దూరాల్సిన నాలుక) మూలేమో చదరంగా ఉంది, ఇంక యాడ దూరుతాది? మూలల్లో డాగ్‌బోన్ పెట్టు, అంటే బిట్టు మూల దాటి కొంచెం లోపలికెళ్లి వచ్చేలా చిన్న గుంట, ఫ్యూజన్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో దానికి యాడ్-ఇన్ దొరుకుతాది. అది పెట్టాక చూడు, ఈసారి లూజ్ అయిందంటావ్ :) ఎందుకంటే 12 అని అమ్మే ప్లై చాలాసార్లు 12 ఉండదు, 11.5 దగ్గర ఉంటాది, అదే షీట్‌లో ఆ చివర ఈ చివర కూడా తేడా. వెర్నియర్‌తో నాలుగైదు చోట్ల కొలిచి, ఆ మందాన్ని డిజైన్‌లో ప్యారామీటర్‌గా (ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారే కొలత) పెట్టుకో, ముందు చిన్న ముక్క మీద 11.5, 11.6, 11.7 అని స్లాట్లు కోసి ఏది బిగువుగా పడుతుందో చూసి అప్పుడు పెద్ద షీట్ ఎక్కించు.

మాడటం వేరే కథ. 18000 ఆర్‌పీఎం (నిమిషానికి బిట్టు తిరిగే చుట్లు), ఫీడ్ (బిట్టు ముందుకు కదిలే వేగం) నిమిషానికి 600 ఎంఎం, రెండు ఫ్లూట్ల (కోసే పళ్ల) బిట్టు అన్నావు కదా, 600ని 18000తో, మళ్లీ 2తో భాగిస్తే ఒక్కో పన్ను తీసేది 0.017 ఎంఎం కూడా లేదు, అది కోయడం కాదు, రుద్దడం, వేడంతా బిట్టుకే ఎక్కుతాది. భయపడి ఫీడ్ తగ్గించేకొద్దీ ఇంకా మాడుతాది. 12000కి దించి ఫీడ్ 2400 చేస్తే 0.1 వస్తాది, మీ మిషన్ ఊగుతుంటే ఫీడ్ తగ్గించకుండా లోతు తగ్గించు, పాస్‌కి (బిట్టు ఒకసారి తిరిగొచ్చే కోతకి) 2-3 ఎంఎం చాలు. పిండిలా కాకుండా పొట్టు పొట్టుగా రాలుతుంటే సెట్ అయినట్టే.

మధ్యలో కరెంట్ పోతే (మనకి మామూలే) కంగారు పడొద్దు, మిషన్ చివర్లలో లిమిట్ స్విచ్‌లుంటే హోమింగ్ చేయి (మిషన్ ఆ స్విచ్‌లను తాకి తన మొదటి చోటు మళ్లీ కనుక్కుంటాది), జీ54లో, అంటే పని మొదలుపెట్టే చోటు గుర్తుంచుకునే సెట్టింగ్‌లో, పెట్టుకున్న జీరో జీఆర్‌బీఎల్‌లో (మిషన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) అలాగే ఉంటాది.

ఇంకోటి, ప్లై వద్దులే సన్‌బోర్డ్ (బోర్డులకి వాడే తేలికపాటి ఫోమ్ షీట్) తెచ్చి లేజర్‌లో కోసేస్తా అన్నావు చూడు, ఆ పని మాత్రం చేయొద్దు. మార్కెట్లో దొరికే సన్‌బోర్డ్ ఎక్కువగా పీవీసీనే, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తాది, నీ ఊపిరితిత్తులతో పాటు మిషన్ రైళ్లు, లెన్స్ కూడా పాడు. సన్‌బోర్డే కావాలంటే చేత్తో కోసుకో, కట్టర్, స్టీల్ స్కేలు చాలు. లేజరే కావాలంటే 3 ఎంఎం అక్రిలిక్ తీసుకో.