కొండదారిలో ఏడు గంటలు ఎందుకు?

ప్రశ్న: పర్వత జాతీయ ఉద్యానవనంలో గైడు వెంట ఒకరోజు నడకకు వెళ్తున్నాం. రానూపోనూ 12 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 900 మీటర్లు. దీనికి ఏడు గంటలు అవసరమా?

జవాబు: అవసరమే. స్కాట్లాండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఇచ్చిన సూత్రం ప్రకారం, గంటకు సుమారు 5 కిలోమీటర్ల చొప్పున నడిచే కాలానికి, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట కలపాలి కనుక, మీరు ఎక్కడా ఆగకపోయినా దాదాపు నాలుగు గంటలు పడుతుంది. అది గట్టి నడకరుల లెక్క. విశ్రాంతి, రాళ్ల దారి, దిగేటప్పుడు మోకాళ్లపై పడే భారం అందులో లేవు. పైగా గైడు బృందంలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని బట్టే వేగాన్ని నిర్ణయిస్తారు, అదే సరైన పద్ధతి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి వెచ్చని దుస్తులు, వానకోటు తప్పనిసరి. కొత్త బూట్లు మాత్రం ఆ రోజే తొడగకండి.