లేజర్ చూపే అంకెలు కలవడం లేదు, అమ్మాయి ప్రాజెక్టు మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. పురుగుమందు పిచికారీ నాజిల్ నుంచి వచ్చే తుంపరల సైజును లేజర్‌తో కొలిచే ప్రాజెక్టు తీసుకుంది. రెండు యంత్రాలు రెండు లెక్కలు ఇస్తున్నాయట. దీన్ని మాన్పించి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా? – ఒక తండ్రి, పరకాల

జవాబు: మాన్పించకండి. ఆ తేడా దగ్గరే అసలు చదువు మొదలవుతుంది.

రెండు యంత్రాలూ కొలిచేది ఒకటే కాదు. లేజర్ డిఫ్రాక్షన్ యంత్రం (తుంపరల మీద పడి చెదిరే కాంతిని బట్టి సైజు కట్టేది) కాంతిపుంజంలో ఆ క్షణాన ఉన్న తుంపరలన్నిటినీ కలిపి చూస్తుంది. సన్నని తుంపరలు గాలిలో త్వరగా వేగం తగ్గి పుంజంలో ఎక్కువసేపు నిలుస్తాయి కనుక, వాటి వాటా పెరిగినట్టు కనిపిస్తుంది. పిచికారీ మరీ దట్టంగా ఉంటే చెదిరిన కాంతి మళ్లీ చెదిరి, తుంపరలు ఉన్నదానికంటే సన్నగా కనబడతాయి. రెండోది, ఫేజ్ డాప్లర్ యంత్రం, ఒక చిన్న చోటును దాటే తుంపరలను ఒక్కొక్కటిగా లెక్కిస్తుంది; కానీ అవి గుండ్రంగా ఉండాలి. నాజిల్ మూతి దగ్గర, నీటిపొర ఇంకా తెగుతున్నచోట, అలాంటివి తక్కువ.

మీరు మిర్చి, పత్తి పండించే ప్రాంతంవారు కదా, దీని విలువ మీకే బాగా తెలుస్తుంది. 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) లోపు తుంపర గాలికి పక్క చేనుకు కొట్టుకుపోతుంది, మరీ పెద్దది ఆకు మీది నుంచి జారిపోతుంది. యంత్రాల మధ్య తేడా ఉంటుందని తెలిసే, నాజిళ్ల వర్గీకరణకు వాడే అమెరికా ప్రమాణం ఏఎస్‌ఏబీఈ ఎస్572, అదే యంత్రంతో ప్రామాణిక నాజిళ్లను కూడా కొలిచి వాటితో పోల్చమంటుంది.

అమ్మాయికి ఒక పని చెప్పండి. నాజిల్ కింద పాత్ర పెట్టి నిమిషానికి ఎంత నీరు పడుతుందో కొలవాలి. పిచికారీ అడ్డంగా అన్ని చోట్లా ఫేజ్ డాప్లర్‌తో కొలిచి కూడితే వచ్చే నీరు దానికి దగ్గరగా ఉండాలి. లేకపోతే యంత్రం ఎక్కడ తుంపరలను వదిలేస్తోందో వెతకాలి. నివేదికలో పీడనం, నాజిల్ నుంచి దూరం, సగటు సైజును తుంపరల సంఖ్యను బట్టి కట్టిందా ఘనపరిమాణాన్ని బట్టి కట్టిందా అన్నది తప్పక రాయాలి. అవి లేని సగటును నేనైతే నమ్మను.

ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉండవు, బీటెక్‌తోనే రావడం కష్టం. గేట్ రాసి ఎంటెక్ చేస్తే ఇంజిన్ ఇంజెక్టర్లు, పిచికారీ డ్రోన్లు, ముక్కులో కొట్టుకునే మందుల స్ప్రేలు, అన్నిటా ఇదే కొలత పని. ఐఐటీ మద్రాస్, బెంగళూరు ఐఐఎస్సీలలో దహన (ఇంధనాన్ని మండించే) పరిశోధన కేంద్రాలున్నాయి; ఇంధనాన్ని తుంపరలుగా చిమ్మేచోట ఈ కొలతే కావాలి. కొలతల విశ్లేషణకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఎలాగూ నేర్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ దారి కూడా మూసుకుపోదు.